ఎడమ మూల దగ్గర ఆగిపోయే గుర్రం: ఒక కేస్ స్టడీ

గుర్రం పేరు ఇక్కడ కేసరి అందాం. థరోబ్రెడ్ జాతి, తొమ్మిదేళ్ళ వయసు, విత్తుకొట్టిన మగది. ముదురు గోధుమరంగు ఒళ్ళు, నల్ల జూలు, టేపు కొలత ప్రకారం 440 కిలోల బరువు. బెంగళూరులో కొన్నాళ్ళు రేసులాడింది. గెలుపులు తగ్గాక యలహంక దాటి దొడ్డబళ్ళాపుర రోడ్డు వైపున్న ఒక రైడింగ్ స్కూలుకు చేరింది. వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్న గుంటూరు దంపతులు తమ పదమూడేళ్ళ అమ్మాయి కోసం దాన్ని కొని, ఆ స్కూలు లాయంలోనే ఉంచారు. అమ్మాయి రాని పూటల్లో స్కూలు పిల్లలు ఎక్కుతారు, దానికి బదులుగా నెలవారీ ఖర్చులో కొంత తగ్గిస్తారు. బెంగళూరు చుట్టుపక్కల ఇలాంటి ఏర్పాట్లు మామూలే.

ఫిర్యాదు ఇది. సాయంత్రం క్లాసు మొదలై ఇరవై నిమిషాలయ్యాక, అరీనా, అంటే స్వారీ నేర్పే కంచె వేసిన మైదానం, ఎడమ మూలకు రాగానే గుర్రం ఆగిపోతుంది. మడమతో పొడిస్తే వెనక్కి నడుస్తుంది. బెత్తం తగిలిస్తే ముంగాళ్ళెత్తేస్తుంది. ఒక పిల్లాడు కిందపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత స్కూలు వాళ్ళు దాన్ని అమ్మేయమన్నారు. ‘అమ్మేస్తే ఎవరు కొంటారో, ఏం చేస్తారో తెలీదు డాక్టరుగారూ. పిల్ల సరిగ్గా అన్నం కూడా తినట్లేదు’ అని వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

ఈ గుర్రం సంగతి నాతో మాట్లాడినవాళ్ళలో ఒక్కరూ దాన్ని తెలివితక్కువదని అనలేదు. ‘తెలివి మీరిపోయింది మేడమ్, అదే దీని రోగం’ అన్నాడు స్కూలు మాస్టరు. ఆయనది చిత్తూరు జిల్లా, పాతికేళ్ళుగా గుర్రాలతోనే బతుకుతున్న మనిషి. ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళ మీద నడుస్తుందని ఊరికే అన్నారా? పిల్లలు మెత్తన. అది కనిపెట్టేసింది.’ నిజానికి ఆ సామెతలో గుర్రానికి తిట్టు కంటే మెప్పే ఎక్కువుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. పైనున్నది ఎవరో, వాళ్ళ చేతివాటం ఎంతో అది తెలుసుకుంటుందని ఒప్పుకున్నట్టే కదా. కాకపోతే మూడుకాళ్ళ మీద నడుస్తున్న గుర్రాన్ని చూస్తే పశువైద్యులకు ముందు గుర్తొచ్చేది రౌతు కాదు, నాలుగో కాలు.

పొగరు అన్న ఒక్క మాట కింద మా దగ్గరికి మూడు వేర్వేరు విషయాలు వస్తాయి: నొప్పి, నేర్చుకున్న అలవాటు, పుట్టుకతో వచ్చిన స్వభావం. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి, గుర్రం ముందుకు కదలదు, అంతే. వాటిని ఈ వరుసలోనే విడదీసుకుంటూ రావాలి. నొప్పి ఉండగా అలవాటు మీద పనిచేస్తే హింస అవుతుంది. అలవాటు తేలకుండా స్వభావం మీద తీర్పు చెబితే పుకారవుతుంది. కేసరి విషయంలో ఈ మూడూ ఉన్నాయి, అందుకే ఈ కేసు రాయాలనిపించింది.

మొదట ఒళ్ళు

నేను ఎక్కించి చూడమని అడగలేదు. జీను కట్టేటప్పుడు లాయం గుమ్మంలో నిలబడి చూశాను. జీను వీపు మీద పెట్టేదాకా కేసరి మామూలుగానే ఉంది. సయీసు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, జీనును పొట్ట కింద బిగించే తంగు పట్టీ అందుకోగానే చెవులు పక్కలకు వాలి, వెనక్కి పోయాయి. కంటి పైరెప్ప బిగిసి, కన్ను గుండ్రం పోయి మూడు మూలల ఆకారంలోకి వచ్చింది. ముక్కుపుటాల పైన చర్మం ముడతపడింది. రెండో రంధ్రానికి బిగించేసరికి మెడ తిప్పి తొట్టి అంచును పళ్ళతో పట్టుకుంది, తోక ఒక్కసారి గట్టిగా విసిరింది. ‘రోజూ ఇంతే మేడమ్, దీనికి తంగంటే కోపం’ అన్నాడు సయీసు. ఇతనిది పెనుకొండ దగ్గర పల్లె. మాటలో సగం కన్నడం, పావు ఉర్దూ, మిగతాది మన సీమ తెలుగు.

గుర్రం ముఖంలో నొప్పిని ఆరు గుర్తులతో చదివే కొలమానం 2014 నుంచి వాడుకలో ఉంది. పైన చెప్పిన చెవులూ కన్నూ ముక్కూ అందులోవే. స్వారీలో ఉండగా చూడాల్సిన వాటికి బ్రిటన్‌లో స్యూ డైసన్ అనే గుర్రాల వైద్యురాలు 24 ప్రవర్తనలతో ఒక పట్టిక తయారుచేసింది. వాటిలో ఎనిమిదో అంతకంటే ఎక్కువో కనిపిస్తే ఒంట్లో ఎక్కడో నొప్పి ఉండే అవకాశం గట్టిగా ఉన్నట్టు. తర్వాత ఒక పెద్ద రౌతుతో ఎక్కించి వీడియో తీసి లెక్కపెడితే కేసరికి పదకొండు వచ్చాయి. ఆ రోజు నుంచి పిల్లలెవరినీ ఎక్కించవద్దని రాసిచ్చాను.

పళ్ళ సంగతి త్వరగా తేలింది. పై దవడ దంతాల బయటి అంచులు పదునుదేరి బుగ్గ లోపల ఒరిపిడి ఉంది, ఆకురాయి పట్టి నున్నగా చేశాం. కాళ్ళలో కుంటి లేదు. వీపు దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. పని అయ్యాక జీను తీస్తే ఒళ్ళంతా చెమటతో తడిసి ఉంది గానీ, మూపు వెనక రెండువైపులా అరచెయ్యంత మేర పొడిగా ఉంది. జీను ఎక్కడ మరీ గట్టిగా నొక్కుతుందో అక్కడ చెమట పట్టదు. ఆ పొడి మచ్చలో వేళ్ళతో నొక్కితే వీపు కిందికి జారిపోయింది, కుడివైపు కొన్ని తెల్లవెంట్రుకలు కూడా మొలిచాయి. జీను స్కూలుది, ఇరుకు చట్రం. పాత గుర్రానికి సరిపోయింది కాబట్టి దీనికీ వేశారు. రేసుల్లో ఉన్నప్పుడు సన్నగా ఉన్న గుర్రం స్కూల్లో భుజాలు విచ్చుకుని వెడల్పైన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అసలు దొరికింది మేతలో. లాయంలో దాణా సాయంత్రం ఆరున్నరకి: ఓట్స్, గోధుమ తవుడు, నానేసిన ఉలవలు, పక్కన ఒక మోపు గడ్డి. రాత్రి తొమ్మిదిలోపే గడ్డి ఖాళీ. మళ్ళీ తొట్టిలో ఏదన్నా పడేది తెల్లవారి ఐదున్నరకి. పగలు కూడా క్లాసుల మధ్యలో గడ్డి లేదు, ‘కడుపు నిండితే దౌడు తీయదు’ అన్న లెక్క.

గుర్రం కడుపు దాని ఒంటికి చాలా చిన్నది, ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు పడుతుంది. పచ్చికలో వదిలితే రోజులో పదహారు గంటల దాకా మేస్తూనే ఉండే జీవి కాబట్టి, అందులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని చల్లార్చేది లాలాజలం, అది ఊరేది నమిలినప్పుడు మాత్రమే. గడ్డి నమిలితే ఎంత లాలాజలం ఊరుతుందో అంతే బరువు ఓట్స్‌కు అంత ఊరదు. పైగా కడుపు పైభాగానికి ఆమ్లాన్ని తట్టుకునే పొర లేదు. నడక దాటి ట్రాట్ (దుడుకు నడక), క్యాంటర్ (నెమ్మది దౌడు) వేగానికి రాగానే పొట్ట కండరాలు బిగిసి ఖాళీ కడుపులోని ఆమ్లం పైకి చిమ్ముతుంది. అంటే ఇరవై నిమిషాల తర్వాతే ఎందుకు ఆగుతోందన్న దానికి ఒక జవాబు ఇక్కడే ఉంది: మొదటి ఇరవై నిమిషాలూ నడకా నెమ్మది ట్రాటూ, క్యాంటర్ మొదలయ్యేది అప్పుడే.

రాత్రంతా కడుపు మాడ్చి, మూడు మీటర్ల ఎండోస్కోపుతో చూశాం. కడుపు పైభాగంలో పెద్ద పుండ్లు, సున్నా నుంచి నాలుగు దాకా ఉండే లెక్కలో మూడో స్థాయి. శిక్షణలో ఉన్న రేసు గుర్రాల్లో ఎక్కువ భాగానికి ఇవి ఉంటాయి, కాబట్టి ఆశ్చర్యం లేదు. ఆమ్లం ఊరడాన్ని తగ్గించే ఒమెప్రజోల్ పేస్టు కిలోకు 4 మిల్లీగ్రాముల చొప్పున రోజూ పరగడుపున, నాలుగు వారాలు. గడ్డి రాత్రంతా ఉండేలా చిన్న కళ్ళ వలలో కట్టమన్నాం, రోజుకు ఒంటి బరువులో కనీసం నూటికి ఒకటిన్నర వంతు ఎండుమేత లెక్కన. ఎక్కే ముందు రెండు పిడికిళ్ళ లూసర్న్ అనే పశుగ్రాసం, అదే ఇక్కడివాళ్ళ మాటలో కుదురె మసాలె. అందులోని కాల్షియం ఆమ్లాన్ని కొంత విరుస్తుంది, నమలడంతో లాలాజలం ఊరుతుంది, గడ్డి పైన పరుచుకుని చిమ్మడాన్ని అడ్డుకుంటుంది. ఓట్స్ సగానికి తగ్గించాం. ఉలవల మీద నాకేమీ కక్ష లేదు, గుగ్గిళ్ళు తిని కదను తొక్కిన గుర్రాలు మన దగ్గర ఎన్ని లేవు. అయితే ఆ గుర్రాలకు ముందు గడ్డి ఉండేది. జీను మార్చాం, వీపుకు విశ్రాంతి ఇచ్చాం.

నాలుగు వారాల తర్వాత మళ్ళీ చూస్తే పుండ్లు మానాయి. వీపు నొక్కితే జారడం లేదు. డైసన్ పట్టికలో పదకొండు మూడుకు దిగింది. కుటుంబం సంతోషపడింది. సాయంత్రం ఎక్కించారు. ఎడమ మూల దగ్గర ఆగిపోయింది.

నొప్పి పోయినా ఆగడం ఆగలేదు

ఇలాంటి చోటే చాలామంది ‘చూశారా, నేను చెప్పలేదూ’ అంటారు. నొప్పి లేదని రుజువైంది కాబట్టి మిగిలింది పొగరే అని. కానీ నొప్పి వల్ల మొదలైన పని లాభసాటిగా మారితే, నొప్పి పోయినంత మాత్రాన దాన్ని ఎందుకు మానాలి?

లాభమేమిటో చూద్దాం. గుర్రం ముంగాళ్ళెత్తితే పిల్లవాడు పగ్గాలు వదిలేస్తాడు లేదా మెడ పట్టుకుంటాడు, కాళ్ళ నొక్కుడు పోతుంది. మాస్టరు వచ్చి పిల్లవాణ్ణి దింపుతాడు. గుర్రాన్ని లాయంలోకి తీసుకెళ్తారు. సాయంత్రం క్లాసు ఐదున్నరకి మొదలు, ఆరు కావస్తుండగా ఇది జరుగుతుంది, ఆరున్నరకి దాణా బండి వస్తుంది. ఎడమ మూల లాయం గేటుకు దగ్గర, బండి చక్రాల చప్పుడు ముందుగా వినిపించేదీ అక్కడే. ఉదయం క్లాసులో ఇదే మూలలో కేసరి ఎప్పుడూ ఆగలేదని హాజరు పుస్తకం, పిల్లల మాటలు కలిపి చూస్తే తేలింది. ఉదయం క్లాసు తర్వాత వచ్చేది దాణా కాదు, స్నానం.

గుర్రాలకు నేర్పేదంతా ఒక నొక్కుడూ, సరైన క్షణంలో దాన్ని వదలడమూ. కాలు నొక్కితే ముందుకు కదలాలి, కదలగానే కాలు వదలాలి. నేర్పేది నొక్కుడు కాదు, వదలడం. గుర్రం ఏ పని చేస్తుండగా నొక్కుడు పోయిందో ఆ పనే సరైందని గుర్తుంచుకుంటుంది. ఈ లెక్కన స్కూలు వాళ్ళు తెలియకుండానే కేసరికి చాలా శ్రద్ధగా, రోజూ, తగిన బహుమతితో ముంగాళ్ళెత్తడం నేర్పారు. రేసుల్లో నేర్చుకున్నది దీనికి తోడైంది. పగ్గాలు బిగుతుగా పట్టి పరుగెత్తించే అలవాటున్న గుర్రానికి, భయపడ్డ పిల్లవాడు పగ్గాలు లాగితే అది ఆగమన్న సైగ కాదు. వెనక్కి లాగే పగ్గాలు, ముందుకు తోసే మడమలు, రెండూ ఒకేసారి అందితే ఎటూ దారి లేక పైకి లేస్తుంది.

మాస్టరుకు ఇంకో అనుమానం ఉండేది. మూలలో ఎండుగడ్డి మీద కప్పిన నీలం టార్పాలిన్ చూసి భయపడుతోందేమోనని. తీసిపారేయదగ్గ మాట కాదు. గుర్రం కంట్లో రంగుకు రెండు రకాల శంకుకణాలే ఉంటాయి, నీలం, పసుపు బాగా తేడా తెలుస్తాయి, ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోతాయి. కళ్ళు తలకు పక్కల ఉండడం వల్ల దాదాపు చుట్టూ కనిపిస్తుంది గానీ, రెండు కళ్ళూ కలిసి చూసే మేర తక్కువ. ఒక దిక్కు నుంచి చూసి అలవాటుపడ్డ వస్తువును తిప్పిపెడితే కొత్తదానిలా బెదురుతాయని కొలరాడోలో 2021లో చేసిన పరిశోధన చెబుతుంది. కుడి కంటితో చూసింది ఎడమ కంటికి తెలీదన్న పాత నమ్మకం మాత్రం తప్పు, మెదడు రెండు భాగాల మధ్యా కబురు బాగానే నడుస్తుంది. టార్పాలిన్ తీయించాం. రెండు దిక్కుల నుంచీ నడిపించాం. ఆగడంలో తేడా లేదు.

దాణా వేళను ఏడున్నరకి జరిపి, క్లాసు అయ్యాక జీను విప్పినా కాసేపు చెట్టు కిందే నిలబెట్టి, ఆ తర్వాతే లాయంలోకి పంపమన్నాను. ఆగడం సగం తగ్గింది. మిగతా సగానికి కారణం సయీసు చెప్పాడు. అతను చాలా రోజులుగా చెప్తూనే ఉన్నాడట, ఎవరూ చెవిన వేసుకోలేదు. ఖరారాతో గుర్రం ఒళ్ళు రుద్దుతూ తల ఎత్తకుండా అన్నాడు: ‘మేడమ్, మాస్టర్ యాడ నిలబడినాడో ఇది సూస్తాది. మాస్టర్ ల్యాకుంటే దీనికి ఏమీ ల్యా.’

మాస్టరు భుజం

గుండె వేగం కొలిచే పట్టీని తంగు కింద కట్టి, వీడియోతో కలిపి నడిపాం. ఎక్కింది సైన్యంలో స్వారీ నేర్పి రిటైరైన ఒక పెద్దాయన, కదలని కాలు, మెత్తని చెయ్యి. మాస్టరు అరీనా మధ్యలో నిలబడ్డప్పుడు, కంచె బయట నిలబడ్డప్పుడు, అసలు లేనప్పుడు విడివిడిగా చూశాం. నిలకడగా ఉన్నప్పుడు కేసరి గుండె నిమిషానికి 36 సార్లు కొట్టుకుంటుంది, పెద్ద గుర్రానికి అది మామూలే. మాస్టరు లేనప్పుడు ఆ మూలలో నడకకు 70 లోపు. ఉన్నప్పుడు మూలకు ఇంకా పదిహేను అడుగుల దూరముండగానే 110 దాటింది. మాస్టరు అప్పటికి నోరు తెరవలేదు, చేతిలోని పొడుగు బెత్తం కదల్లేదు.

వీడియోను నెమ్మదిగా తిప్పితే కనిపించింది. గుర్రం మూల వైపు తిరగడానికి ముందే మాస్టరు బరువు ఎడమ కాలి మీదికి మారుతోంది. కుడి భుజం బొటనవేలు మందం పైకి లేస్తోంది. గడ్డం కొద్దిగా కిందికి దిగుతోంది. ఆ వెంటనే కేసరి లోపలి చెవి ఆయన వైపు తిరిగి అక్కడే నిలిచిపోతోంది, రెండడుగుల తర్వాత అడుగు పొట్టిదవుతోంది. ఆగబోతోందని మాస్టరు సిద్ధపడుతున్నాడు. కొట్టబోతున్నాడని గుర్రం సిద్ధపడుతోంది. ఎవరు ముందు మొదలుపెట్టారో ఇప్పుడు తేల్చడం కష్టం, తేల్చి లాభమూ లేదు.

బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కథ చాలామందికి తెలిసే ఉంటుంది. విల్‌హెల్మ్ ఫోన్ ఓస్టెన్ అనే లెక్కల మాస్టారు దానికి కూడికలు నేర్పానని చెప్పేవాడు, గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. 1907లో ఆస్కార్ ఫంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తేల్చింది ఏమిటంటే, అడిగేవాడికి జవాబు తెలిసినప్పుడూ, వాడు గుర్రానికి కనిపిస్తున్నప్పుడూ మాత్రమే జవాబు సరిగ్గా వస్తుంది. సరైన అంకె రాగానే అడిగేవాడి తల అతనికే తెలియకుండా కొంచెం కదిలేది, గుర్రం తట్టడం ఆపేది. ఈ కథను సాధారణంగా గుర్రానికి లెక్కలు రావని చెప్పడానికి వాడతారు. నాకు అందులో పనికొచ్చే ముక్క వేరే. ఆ కదలిక సంగతి పూర్తిగా తెలిసిన తర్వాత కూడా ఫంగ్‌స్ట్ తన తలను ఆపుకోలేకపోయాడు.

మా మాస్టరు విషయమూ అంతే అయింది. వీడియో చూపించాం. మొదట నవ్వాడు, తర్వాత రెండోసారి వెయ్యమని తనే అడిగాడు. మరునాటి నుంచి భుజం కదలకుండా నిలబడడానికి నిజంగా ప్రయత్నించాడు. భుజం ఆపితే మోకాలు బిగిసింది. మోకాలు సంగతి చెప్తే ఊపిరి బిగబట్టాడు. కేసరి ప్రతిదాన్నీ పట్టుకుంది. గుర్రాలు మనుషుల ముఖాల్లో కోపాన్నీ సంతోషాన్నీ ఫోటోలో చూసి కూడా వేరుగా గుర్తిస్తాయని ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో చూపించారు. అదే బృందం 2018లో, ఉదయం ఒకరి కోపపు ఫోటో చూసిన గుర్రం కొన్ని గంటల తర్వాత అదే మనిషి మామూలు ముఖంతో ఎదురైనా జాగ్రత్తపడుతుందని చూపించింది. కాబట్టి మాస్టరును ‘నటించండి’ అని అడగడం దండగ. ఆయనకు వేరే పని పెట్టాం: గుర్రం మూలకు వచ్చే సమయానికి ఆయన అవతలి చివర అడ్డుకర్రలు సర్దాలి, వీపు గుర్రం వైపు ఉండాలి. వీపు కూడా మాట్లాడుతుందేమోనని అనుమానించాను గానీ, కర్రలు లెక్కపెట్టుకుంటున్న మనిషి ఒళ్ళు నిజంగానే వదులుగా ఉంటుంది.

తిరిగి నేర్పడం మొదలైంది. పెద్దాయన ఎక్కి, మూలకు చాలా ముందే ఆపేవాడు. ఆగమని తనే అడిగి, ఆగగానే పగ్గాలు వదలడం, తర్వాత పిక్కతో తేలిగ్గా తాకి ఒక్క అడుగు అడగడం, అడుగు పడగానే కాలు తీసేయడం. మడమ లేదు, బెత్తం లేదు. ఒక్క అడుగు బాగా వచ్చాక రెండు. మూలలోకి వెళ్ళినప్పుడు అక్కడే విశ్రాంతి, మూపు మీద గోకడం. తల్లీ పిల్లా గుర్రాలు ఒకదాన్నొకటి గోక్కునే చోటు అది, అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుంది. మొదటి వారం చివర్లో ఒకరోజు మునుపెన్నడూ లేనంత ఎత్తుకు లేచింది. కుటుంబం బెంబేలెత్తింది. ఇన్నాళ్ళూ పనిచేసిన ఉపాయం పనిచెయ్యడం మానేస్తే ఏ జంతువైనా వదిలే ముందు దాన్నే ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. అందుకే ఆ దశలో పైన పిల్లలు ఉండకూడదు, ఉన్న రౌతు దిగకూడదు కూడా. పెద్దాయన దిగలేదు. అదే ఒక్క అడుగు అడిగి, అది పడ్డాక అక్కడితో ఆపాడు.

మిగిలింది స్వభావం

నొప్పీ అలవాటూ పక్కకు పెట్టాక కనబడే గుర్రాన్ని అప్పుడు పరీక్షించాం. ఫ్రాన్స్‌లో లియా లాన్సాడ్ బృందం గుర్రం స్వభావాన్ని ఐదు దిక్కుల నుంచి కొలుస్తుంది: భయం, తోటి గుర్రాల మీద మమకారం, మనుషులకు స్పందన, చలాకీతనం, స్పర్శ. భయం అనే గుణం పిల్ల వయసు నుంచి ఏళ్ళ తరబడి పెద్దగా మారదని వాళ్ళు 2008లో ప్రచురించారు. పరీక్షలు ఖరీదైనవేమీ కావు. తింటుండగా ఎదురుగా గొడుగు టక్కున విప్పి, మళ్ళీ తొట్టి దగ్గరికి ఎంతసేపటికి వస్తుందో చూడడం. నైలాన్ పోగుతో మూపు మీద తేలిగ్గా తాకి చర్మం వణుకుతుందేమో చూడడం.

గొడుగుకు కేసరి ఒక గంతు వేసి, కాసేపటికే వచ్చి తినడం మొదలుపెట్టింది. యలహంక వైమానిక స్థావరం దగ్గర కాబట్టి ఫిబ్రవరిలో ఏరో ఇండియా జరిగే ఏళ్ళలో యుద్ధవిమానాలు లాయం నెత్తి మీదుగానే పోతాయి. మిగతావి గిలగిల్లాడితే ఇది తల ఎత్తి చూసి మళ్ళీ గడ్డిలో పెడుతుందని సయీసు ముందే చెప్పాడు. పిరికిది కాదన్నమాట. తోటి గుర్రాల్ని దూరం చేసినా పెద్దగా సకిలించదు. స్పర్శ దగ్గరకొచ్చేసరికి మాత్రం అతి సన్నని పోగుకే చర్మం జలజల వణికింది, అదీ ప్రతిసారీ. ఈగ వాలినా తెలిసే చర్మం అన్ని గుర్రాలకూ ఉంటుంది, దీనికి ఇంకో మెట్టు ఎక్కువ. కొత్త పిల్లలు ట్రాట్‌లో లయ అందక మడమలతో డొక్కల మీద కొడుతూనే ఉంటారు. మొద్దు చర్మం గుర్రం దాన్ని పట్టించుకోదు. దీనికది ప్రతి అడుగుకూ ఒక కొత్త ఆజ్ఞ, అర్థంలేని ఆజ్ఞ.

దీన్ని అమ్మినవాడు నుదుటి మీద రెండు సుళ్ళున్నాయని ధర తగ్గించాడట. సుళ్ళకీ స్వభావానికీ ఏమైనా లంకె ఉందేమోనని పోలండ్‌లో చూసినవాళ్ళున్నారు, మన శాలిహోత్ర సంప్రదాయంలో, అంటే పాతకాలపు గుర్రాల శాస్త్రంలో, సుళ్ళ మీద చెప్పినదానికి లెక్కే లేదు. ఒక్క గుర్రం గురించి తీర్పు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను వాటి జోలికి పోను. నైలాన్ పోగు చాలు.

కాబట్టి నా నివేదికలో స్వభావం కింద రాసింది ఇది: చురుకైన చర్మం, మనుషుల ఒంటి కదలిక మీద అతి శ్రద్ధ, మధ్యస్థపు భయం. దీనికి మందు లేదు, శిక్షణా లేదు, తగిన మనిషిని చూడడమే. మొదటి ఏడాది పిల్లల క్లాసుకు ఈ గుర్రం పనికిరాదు. కాలు కదలకుండా కూర్చోగలిగే పిల్లకు ఇంతకంటే మంచి గుర్రం దొరకదు, ఎందుకంటే ఇతర గుర్రాలకు అరిచి చెప్పాల్సింది దీనికి ఊపిరి వదిలి చెప్పొచ్చు. స్కూలు వాళ్ళకు ఈ భాగం నచ్చలేదు. క్లాసులకు గుర్రం దొరక్కపోతే నెలవారీ తగ్గింపు కూడా ఉండదన్నారు. అది న్యాయమే. తండ్రి లెక్కలు వేసుకుని, పూర్తి ఖర్చు పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు.

అమ్మాయిని వెంటనే ఎక్కనివ్వలేదు. ముందు కొంతకాలం కాళ్ళు పెట్టుకునే రికాబులు లేకుండా ఒక ముసలి గుర్రం మీద కూర్చోవడం నేర్చుకుంది. ఆ తర్వాత కేసరి మీద మొదటిరోజు నడక మాత్రమే, మూల దగ్గర పెద్దాయన పక్కన నడిచాడు. ఆగలేదు. ‘ఆంటీ, వీడు నేను అటు చూస్తేనే అటు తిరిగిపోతున్నాడు, నేనేమీ చెయ్యట్లేదు’ అంది. ఆ అమ్మాయి తల తిరిగితే తుంటి తిరుగుతుంది, తుంటి తిరిగితే జీనులో బరువు మారుతుంది. గుర్రానికి అది చాలు. అమ్మాయికి మాత్రం అలా విడమర్చి చెప్పలేదు, చెబితే తుంటి గురించి ఆలోచించి బిగుసుకుంటుంది.

ప్రస్తుత పరిస్థితి: మూలలో ఆగడం పోయింది, కానీ పూర్తిగా కాదు. కొన్నాళ్ళు సెలవిచ్చి మళ్ళీ మొదలుపెట్టిన వారంలోనూ, మాస్టరు చేతిలో బెత్తం ఉన్న రోజుల్లోనూ అడుగు పొట్టిదవుతుంది. ఒకసారి నేర్చుకున్నది గుర్రం తుడిచేసుకోదు, దాని మీద కొత్తది పేరుస్తుంది, అంతే. తంగు బిగించేటప్పుడు ఇప్పటికీ చెవులు వెనక్కి వాలుతాయి. కడుపులో ఏమీ లేకపోయినా అది పాత జ్ఞాపకం కావచ్చు, అందుకని రెండు విడతలుగా, మధ్యలో నాలుగడుగులు నడిపించి బిగించమన్నాం. రాత్రి గడ్డి వల ఇప్పుడు ఆ లాయంలో అన్ని గుర్రాలకూ కడుతున్నారు, ఖర్చు పెరిగిందని గొణుగుతూనే. పోటీకి ట్రక్కులో తీసుకెళ్ళాల్సి వస్తే బయల్దేరే ముందు నుంచి తిరిగొచ్చేదాకా తక్కువ మోతాదులో, కిలోకు ఒక మిల్లీగ్రాము ఒమెప్రజోల్, దారిలో గడ్డి వల. జీను అమరికను ఆరు నెలలకోసారి చూడాలి, అమ్మాయి ఎదిగేకొద్దీ గుర్రం వీపూ మారుతుంది. డైసన్ పట్టికలో ఎనిమిదో అంతకంటే ఎక్కువో వస్తే శిక్షణ ఆపి ముందు ఎండోస్కోపు.